డాక్టర్ సలహా: రొయ్యల పట్టుబడి అయ్యాక చూపించుకుంటాననకండి

ప్రశ్న: నా వయసు 48. భీమవరం దగ్గర పల్లెటూరు. చెరువులు లీజుకు తీసుకుని వనామి రొయ్యల సాగు చేస్తున్నాను. వరసగా రెండు పంటలు దెబ్బతిని అప్పు మిగిలింది. నిద్ర సరిగా పట్టదు, దేని మీదా సరదా లేదు. మెడికల్ షాపులో ఇచ్చిన అల్ప్రాజోలం నాలుగు నెలలుగా వేసుకుంటున్నాను. నడుం నొప్పికి డైక్లోఫెనాక్ వాడతాను. షుగర్ ఉందని మూడేళ్ల క్రితం చెప్పారు, మందు అప్పుడప్పుడు వేసుకుంటాను. తెల్లవారుజామున గట్టు మీద గబగబా నడిస్తే ఛాతీ పట్టేసినట్టుంటుంది. గ్యాస్ బిళ్ళ వేసుకుని కాసేపు కూర్చుంటే తగ్గిపోతుంది. 2015 గోదావరి పుష్కరాలకు తీసుకెళ్లలేదని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది. 2027 పుష్కరాల నాటికి అప్పు తీర్చేసి, ఆ తర్వాత నిశ్చింతగా తిరుగుదామన్నది నా ఆలోచన. ఉన్నంతలో ఇప్పుడే కాస్త సంతోషంగా ఉందామని ఆమె అంటుంది. ఎవరి మాట సరైనది? ఓపికకు మంచి టానిక్ ఏదైనా చెప్పండి.

జవాబు: టానిక్ సంగతి తర్వాత చూద్దాం. ఉత్తరం మధ్యలో మీరు మామూలుగా రాసేసిన ఆ ఛాతీ పట్టేయడం గురించే నాకు భయంగా ఉంది. నడిస్తే వచ్చి కూర్చుంటే తగ్గే నొప్పిని, పైగా షుగర్ ఉన్న మనిషిలో, గుండెది కాదని తేలేవరకు గుండె నొప్పిగానే చూడాలి. గ్యాస్ బిళ్ళకు తగ్గిందని మీరు అనుకుంటున్నారు. బిళ్ళ వేసుకున్నాక కూర్చున్నారు కదా, ఆ కూర్చోవడం వల్లే తగ్గి ఉండొచ్చు. మిమ్మల్ని చూడకుండా ఇది ఫలానా జబ్బేనని చెప్పలేను. కానీ రేపే ఈసీజీ తీయించుకోండి. అది బాగానే ఉందన్నా అక్కడితో ఆగకండి, విశ్రాంతిలో తీసిన ఈసీజీ మామూలుగా వచ్చినా గుండె రక్తనాళాల్లో అడ్డంకి ఉండొచ్చు. ఎకో, ట్రెడ్‌మిల్ లాంటి పరీక్షలు కావాలో వద్దో గుండె డాక్టరు మిమ్మల్ని చూసి చెబుతారు. ఈలోగా గట్టు మీద పరుగులు, మేత బస్తాలు మోయడం మానండి. నొప్పి కూర్చున్నా తగ్గకపోయినా, చెమటలు పట్టినా, దవడకో ఎడమ చేతికో పాకినా వెంటనే 108కి ఫోన్ చేయండి. మీరే బండి నడుపుకుంటూ ఆస్పత్రికి వెళ్లకండి.

డబ్బు గురించి ఆలోచిస్తారని తెలుసు. ప్రభుత్వ ఆస్పత్రిలో ఈసీజీకి, షుగర్ పరీక్షకు డబ్బు తీసుకోరు. ఆపైన వైద్యం అవసరమైతే మీ కార్డుకు ప్రభుత్వ ఉచిత వైద్య పథకం ఎన్టీఆర్ వైద్య సేవ వర్తిస్తుందేమో, ఆ పథకం తరఫున అక్కడ ఉండే ఆరోగ్యమిత్రను అడగండి.

చెరువులో సీడ్ (రొయ్య పిల్లలు) వదిలే ముందు, రోగం ఉందేమోనని ల్యాబ్‌లో పీసీఆర్ టెస్ట్ చేయించకుండా వదలరు కదా మీరు. రొయ్య మేత తిన్నదా లేదా అని పూటపూటా చెక్ ట్రే ఎత్తి చూస్తారు. తెల్లవారుజామున డీవో, అంటే నీళ్లలో ఆక్సిజన్, పడిపోతుందేమోనని నిద్ర మానుకుని ఏరేటర్ల దగ్గర కాపలా కాస్తారు. మూడేళ్లుగా మీ రక్తం మాత్రం ఒక్కసారి పరీక్ష చేయించుకున్నట్టు రాయలేదు. ఇది నాకు బాధగా ఉంది, అందుకే కాస్త గట్టిగా చెబుతున్నాను. హెచ్‌బీఏ1సీ చేయించండి. అది సుమారు మూడు నెలల షుగర్ సగటు చెబుతుంది, దాదాపు మీ ఒక పంట కాలం. దాంతోపాటు బీపీ, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్, మూత్రంలో ప్రోటీన్, హిమోగ్లోబిన్, థైరాయిడ్, బీ12 కూడా చూపించండి. ఓపిక లేకపోవడానికి కారణం వీటిలో ఎక్కడైనా ఉండొచ్చు. అది తెలియకుండా టానిక్ రాయడం నాకిష్టం లేదు. నీరసమని చెప్పి సెలైన్ కూడా ఎక్కించుకోకండి.

ఇక ఆ నొప్పి బిళ్ళలు. షుగర్, బీపీ ఉన్నవాళ్లు డైక్లోఫెనాక్ లాంటివి నెలల తరబడి వాడితే కిడ్నీలు దెబ్బతినే ప్రమాదం పెరుగుతుంది, గుండెకూ మంచిది కాదు. ఈ రోజే ఆపేయండి. అల్ప్రాజోలం మాత్రం ఒక్కసారిగా ఆపకండి. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని మందది. నాలుగు నెలలు వాడాక హఠాత్తుగా మానేస్తే నిద్ర మరింత పోవడం, వణుకు, ఒక్కోసారి ఫిట్స్ కూడా రావచ్చు. డాక్టరు చెప్పినట్టు మెల్లమెల్లగా తగ్గించాలి. రాత్రిపూట మద్యం అలవాటు ఉందో లేదో మీరు రాయలేదు. ఉంటే ఈ బిళ్ళతో కలిపి తీసుకోవడం ప్రాణం మీదికి తెస్తుంది.

ఎవరి మాట సరైనదని అడిగారు. మీ ఆవిడ మాటే.

నా దగ్గరికి వచ్చే పెద్దాయన ఒకరున్నారు. ఆయనదీ మీ వృత్తే. నడుం నొప్పికి ఏళ్ల తరబడి బిళ్ళలు మింగారు, బీపీ ఎన్నడూ చూపించుకోలేదు. ఎప్పుడు రమ్మన్నా ‘పట్టుబడి అయ్యాక వస్తానండి’ అనేవారు. అప్పులన్నీ తీర్చారు, మేడ కట్టారు. ఇప్పుడు వారానికి మూడుసార్లు డయాలసిస్. పోయిన వర్షాకాలం గోదావరికి ఎర్రనీరు వచ్చినప్పుడు కొడుకు పులస చేప తెచ్చి కుండలో పులుసు పెట్టించాడట. ఎంత పెట్టి కొన్నాడో చెప్పలేదు. డయాలసిస్ మంచం మీద నుంచి పెద్దాయన నా చెయ్యి పట్టుకుని ‘ఒక్క ముక్క తినొచ్చా డాక్టరు గారూ?’ అని అడిగారు. ముక్క తినమన్నాను, పులుసు వద్దన్నాను. ఉప్పు, నీళ్లు కొలతలో ఉండాలి కదా. పులస తినేవాళ్లకు ఆ మాట ఎలా ఉంటుందో నేను చెప్పక్కర్లేదు. ఆయన తల ఊపి గోడ వైపు తిరిగి పడుకున్నారు.

మీరు ‘దేని మీదా సరదా లేదు’ అని కూడా రాశారు. రెండు వారాలకు మించి అలా ఉంటే డిప్రెషన్ ఉందేమో చూడాలి. అప్పు తీరగానే సరదా దానంతట అదే తిరిగొస్తుందని మీరు లెక్క వేసుకుంటున్నారు. అప్పు తీరినా రానివాళ్లను నేను చూశాను. అది జబ్బయితే దానికి మందు, మాట సాయం రెండూ ఉన్నాయి. 14416కు ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ వాళ్లు తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు అక్కర్లేదు. బతుకు మీద విరక్తి లాంటి ఆలోచన ఎప్పుడైనా వస్తే ఆ క్షణమే చేయండి, మీ ఆవిడకూ చెప్పండి. అప్పు లెక్క ఆమె దగ్గర దాస్తున్నారేమో తెలియదు. దాస్తుంటే, ఆ టెన్షన్ ఒక్కరే మోయకండి.

2027 దాకా ఎందుకండీ? గోదావరి మీకు గంట దూరంలో ఉంది. గుండె డాక్టరు వెళ్లొచ్చని చెప్పిన వెంటనే ఒక సాయంత్రం చెరువు పనివాళ్లకు అప్పజెప్పి, నరసాపురం రేవులో ఆమెతో కలిసి గోదావరి దాటించే పంటు ఎక్కండి. సఖినేటిపల్లి వైపు దిగి, ఓపిక ఉంటే అంతర్వేది దాకా వెళ్లి రండి. పెద్ద ఖర్చేమీ కాదు. మొన్న బీపీ పట్టీ చేతికి ఉండగానే ఒకాయన ఫోన్ ఎత్తి ‘కరెంటు పోయిందా, జనరేటర్ వెయ్యండ్రా’ అని అరిచారు. ఆ రీడింగ్ పనికిరాదని మళ్లీ తీయాల్సి వచ్చింది. పంటు మీద ఉన్నంతసేపూ ఫోన్ మీ ఆవిడ చేతికివ్వండి.

ముందు మాత్రం ఈసీజీ. ఆస్పత్రికి ఆమెను కూడా తీసుకెళ్లండి, మీరు మర్చిపోయినవి ఆమె చెబుతారు. రిపోర్టులు వచ్చాక మళ్లీ రాయండి. అల్ప్రాజోలం ఎన్ని మిల్లీగ్రాముల బిళ్ళో, రోజుకు ఎన్ని వేసుకుంటున్నారో తప్పకుండా రాయండి.