అడ్వెంట్ నడిపించబోతున్న మా బాబుకు

ప్రియమైన బాబుకు,

ప్రభువు నామములో పెద్దమ్మ దీవెనలు.

నీకిచ్చిన మొదటి సంఘంలోనే, క్రిస్మస్ ముందు ప్రభువు రాకకు ఎదురుచూసే అడ్వెంట్ నాలుగు వారాలూ శ్రద్ధగా జరిపిస్తానన్నావని, డిసెంబర్ 24వ తేదీ దాకా సెమీ క్రిస్మస్‌లు వద్దని పెద్దలకు చెప్పేశావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. సంతోషంతో కళ్లనీళ్లు వచ్చాయి. ఆ రాత్రి దిగులుతో నిద్ర కూడా పట్టలేదు. మనవాళ్లు ఈస్టర్ ముందు వచ్చే శ్రమకాలం నలభై రోజులూ ఉపవాసాలుండి మరీ పాటిస్తారు. అడ్వెంట్‌కి మాత్రం ఆ మర్యాద దక్కదు. డిసెంబర్ రాగానే కేకులు, డ్యాన్సులు, నక్షత్రాలు. నువ్వొక్కడివే వాటికి ఎదురు నిలబడితే ఏమవుతుందోనని నా భయం.

తేదీలు నీకు తెలిసినవే. నవంబర్ 30కి దగ్గరి ఆదివారం మొదలు. 2023లోలాగా నాలుగో ఆదివారం 24నే పడితే పొద్దున అడ్వెంట్ ఆరాధన, రాత్రి క్రిస్మస్ ఆరాధన పెట్టుకోవాలి. బల్ల మీద ఊదా గుడ్డ వెయ్యి. పాటలు నవంబర్‌లోనే నేర్పించు.

మొదటి ఆదివారం పశువుల తొట్టి జోలికి పోకు. ఆ రోజు వాక్యాలు ప్రభువు తిరిగి రావడం గురించి, మెలకువగా ఉండడం గురించి. ఆ తర్వాత బాప్తిస్మమిచ్చే యోహాను వస్తాడు. మేమేం చెయ్యాలని జనం అడిగితే, రెండు అంగీలున్నవాడు లేనివాడికి ఒకటివ్వమన్నాడు. సుంకరులను ఎక్కువ వసూలు చెయ్యొద్దన్నాడు, సిపాయిలను జీతంతో తృప్తిపడమన్నాడు. చివరికి మరియ పాట, ఆకలిగొన్నవాళ్ల కడుపు నింపి ధనవంతులను వట్టి చేతులతో పంపే దేవుడి పాట. ఈ కాలమంతా అదేరా. కూలి డబ్బుల కోసం, ఇంటి పట్టా కోసం ఏళ్ల తరబడి కాచుకున్న మనవాళ్లకు ఎదురుచూడడం నువ్వు నేర్పక్కర్లేదు. వాళ్ల ఎదురుచూపులోకి ప్రభువు వస్తాడని చెప్పు చాలు.

ఇక నేను ఈ ఉత్తరం రాసేది దేనికంటే, మీ పెదనాన్న పాస్టరుగా ఉన్న ఒక సంఘంలో జరిగిన సంగతి నీకు తెలియాలి. ఊరు పేరు అనవసరం. ఆ ఏడు కమిటీవాళ్లు గుడికి పెద్ద నక్షత్రం, సీరియల్ లైట్లు పెట్టాలనుకుని ఇంటికింత అని చందా విధించారు. వాళ్లు చెడ్డవాళ్లు కాదు. ఊళ్లో మన గుడి కూడా నలుగురి కళ్లలో పడాలని వాళ్ల ఆశ. ఒక అడ్వెంట్ ఆదివారం మీ పెదనాన్న పక్క ఊరి ఆరాధనకు వెళ్లినప్పుడు, కానుకలకు ముందు చందా ఇచ్చినవాళ్ల పేర్లు చదివారు. అక్కడితో ఆపితే బాగుండేది. ఇవ్వనివాళ్ల పేర్లు కూడా చదివారు.

అందులో ఒకామె పత్తి తీతకు పోయే మనిషి. భర్త పోయాడు, ఇద్దరు పిల్లలు. పిల్లలిద్దరూ పాటల్లో ముందు నిలబడేవాళ్లు. పేరు చదివినప్పుడు నేను ఆమె పక్క చాప మీదే ఉన్నాను. తల ఎత్తలేదు, కొంగు సర్దుకుంది, ఆశీర్వాదం అయ్యేదాకా కూర్చుంది. మరుసటి ఆదివారం రాలేదు. క్రిస్మస్‌కి రాకుండా ఎక్కడికి పోతుందిలే అన్నారు. క్రిస్మస్‌కీ రాలేదు. మీ పెదనాన్న ఇంటికి వెళితే కుర్చీ వేసింది, మంచినీళ్లిచ్చింది, పొలం పని ఉందయ్యగారూ అంది. ఆ పేర్ల పట్టీ మాట ఎత్తనే లేదు. సంక్రాంతికి ముందే పిల్లలను తీసుకుని పుట్టింటి ఊరు వెళ్లిపోయింది. ఆ ఆదివారం చదివిన వాక్యం యోహాను చెప్పిన రెండు అంగీలదే. ఎవరికీ తట్టలేదు. మీ పెదనాన్న పోయేదాకా ఆమెను తలుచుకుని ప్రార్థన చేసేవారు.

అందుకని నీ సంఘంలో పట్టీ చదవనివ్వకు. ఇంటికింత అని విధించనివ్వకు. గుమ్మం దగ్గర ఒక కానుక పెట్టె పెట్టు, ఎవరు ఎంత వేశారో నువ్వు కూడా చూడకు. గుడికి రాని ఇళ్లకు ఈ నాలుగు వారాల్లోనే వెళ్లు, క్రిస్మస్ అయ్యాక కాదు. మీ వైపు అప్పుడు వరి కోతలు. ఆడవాళ్లు చేల నుంచి వచ్చి, వండి, పిల్లలకు పెట్టేసరికి ఎనిమిదవుతుంది. ఆరింటికి ప్రార్థన పెట్టి ఎవరూ రాలేదని నొచ్చుకోవద్దు.

కుర్రాళ్లు నక్షత్రం ముందే కట్టారని కోప్పడ్డావట. ఎందుకురా అంత కోపం? ఆ వెదురు గడ ఎక్కి కట్టిన పిల్లలు రేపు నీ వెనక నడవాల్సినవాళ్లు. కట్టింది ఉండనీ, లైటు మాత్రం 24 రాత్రి అందరం కలిసి వేద్దామని అడుగు. నవ్వుతూ అడిగితే నీ మాట కాదనలేరు, చిన్నప్పటి నుంచీ అంతే నువ్వు.

అడ్వెంట్ ఆదివారాల్లో వెలిగించే కొవ్వొత్తుల దండకు హైదరాబాద్ నుంచి ప్లాస్టిక్ ఆకులు తెప్పిస్తావని విన్నాను. వద్దు. 1839లో హాంబర్గ్‌లో దిక్కులేని పిల్లలను సాకుతున్న వీహెర్న్ అనే ఆయన, క్రిస్మస్ ఎప్పుడని పిల్లలు రోజూ అడుగుతుంటే, పాత బండిచక్రం మీద ఆదివారాలకు నాలుగు పెద్ద తెల్లవి, మామూలు రోజులకు చిన్న ఎర్రవి కొవ్వొత్తులు పెట్టి రోజుకొకటి వెలిగించారు. లూథరన్ మిషనరీ హయ్యర్ గారు మన గుంటూరు వచ్చింది ఆ తర్వాత మూడేళ్లకు, 1842లో. అది పేద పిల్లల కోసం పుట్టిన చక్రం. మీ ఊళ్లో ఎవరి కొట్టంలోనైనా పాత ఎడ్లబండి చక్రం ఉంటుంది, అడిగి తెచ్చుకో. చుట్టూ వేపమండలు కట్టు. వెలిగించేది కమిటీ ప్రెసిడెంటు కాకుండా పిల్లలు కావాలి.

మంచులో తిరిగేటప్పుడు మఫ్లర్ కట్టుకో, ఆ దగ్గు సంగతి చూపించుకో. కొవ్వొత్తులకు డబ్బు మీ అమ్మ ఫోన్‌కి వేయిస్తున్నాను. సంఘంలో ఎవరినీ అడగకు, నేనిచ్చానని కూడా చెప్పకు.

ఇట్లు,
మీ పెద్దమ్మ