టేప్ రికార్డర్‌లో సెల్లు వేసేముందు ఇది చదువు చిన్నీ

చిన్నీ, అటక మీదున్న మీ తాతయ్య టేప్ రికార్డర్ దింపి ఛార్జింగ్ సెల్లతో నడిపిస్తానన్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. రాత్రంతా నిద్ర పట్టలేదు నాకు, సగం సంతోషం, సగం భయం.

ప్లస్సు మైనస్సు చూసుకో, స్ప్రింగులకి చిలుముంటే గీకి తుడువు. ఛార్జింగ్ సెల్లు 1.2 వోల్టులే, మామూలువి 1.5, అయినా పర్లేదు నడుస్తుంది.

నా కంగారల్లా సైజుల గురించే. 1994లో మీ అమ్మమ్మ మంగళహారతులు రికార్డు చేద్దామని నాలుగు పెన్సిల్ సెల్లు (AA సైజువి) పట్టే చిన్న రికార్డర్ తెచ్చా. ఛార్జింగువి రెండే ఉన్నాయి. ఇంకో రెండు అంతకంటే సన్నవి (AAA సైజువి) దొరికితే, పొట్టిగా ఉన్నాయని సిగరెట్ పెట్టెలో వెండికాగితం మడిచి చివర కుక్కి మూత పెట్టేశా, లైటు వెలిగింది, ఇంకేంటి అనుకున్నా. సన్నదాంట్లో ఛార్జ్ తక్కువ తల్లీ, ఇప్పటివైనా పెన్సిల్ సెల్ ఛార్జ్ కొలతలో 2000 ఎంఏహెచ్ ఉంటే సన్నది 800 ఉంటుంది, ఒకే వరసలో పెడితే అన్నిట్లోంచీ ఒకటే కరెంటు పోతుంది కాబట్టి సన్నవి ముందే ఖాళీ, ఆ తర్వాత మిగతావి వాటిని ఉల్టా తోసి పాడుచేస్తాయి. మూడో పాటకే మోటారు నెమ్మదించింది. నేను రికార్డర్ వైపు చూస్తేగా, మా అమ్మ మొహమే చూస్తూ కూర్చున్నా. నెమ్మదిగా తిరిగినప్పుడు రికార్డయింది మంచి సెల్లు వేసి వింటే పరిగెడుతుంది, అమ్మ గొంతు కీచుగా చిన్నపిల్ల గొంతులా వచ్చింది. సంక్రాంతికి మళ్లీ పాడిద్దాంలే అనుకున్నా. సంక్రాంతి దాకా అమ్మ లేదు.

అందుకే చెప్తున్నా, తాతయ్యదానికి ఆరు పెద్ద టార్చిలైటు సెల్లు పడతాయి, ఆరూ ఒకే రకం, ఒకేసారి కొన్నవి వెయ్యి. పెద్ద సెల్ సైజు ప్లాస్టిక్ తొడుగులో పెన్సిల్ సెల్లు పెట్టినా సరే, ఆరూ అవే పెట్టు, కాకపోతే తొందరగా అయిపోతాయి. పెద్ద సెల్ చేతిలో తేలిగ్గా ఉంటే లోపల చిన్నదే దాచారని అర్థం, కొనకు. 14500 అని ఉన్నది అసలు ముట్టుకోకు, చూడ్డానికి పెన్సిల్ సెల్లే కానీ లిథియం, ఒక్కోటి 3.7 వోల్టులు, ఆరు కలిస్తే సెట్టు కాలిపోద్ది. హాస్టల్లో ఛార్జర్ దిండు పక్కన పెట్టుకుని పడుకుంటావంట, ఇంకోసారి విన్నానో చూడు, నువ్వు మాకు ఒక్కదానివే కదమ్మా.

ఆ క్యాసెట్ నా బీరువాలోనే ఉంది. నీ రికార్డర్ నడిచాక పట్టుకొస్తా. మీ కంప్యూటర్లో స్పీడు తగ్గించి వినొచ్చంటగా, అమ్మ గొంతు అమ్మ గొంతులా వస్తుందేమో చూస్తావా?

మామయ్య