ఎక్స్‌పెడైటెడ్ లోడ్లకి ట్రక్కు కొనే ముందు ఒకసారి వెనక పడుకుని చూడు

ఒరేయ్ అబ్బాయ్,

నువ్వు పంపిన ట్రక్కు ఫోటోలు చూశాను, క్రోము మెరుస్తోంది, ఇంజన్ కూడా 15 లీటర్లది, బాగానే ఉంది కానీ నువ్వు దిగుతోంది ఎక్స్‌పెడైటెడ్ పనిలోకి రా, అంటే అర్జంటు సరుకుని ఆగకుండా చేరవేసే పని. ఎక్కడో ఫ్యాక్టరీలో లైన్ ఆగిపోయేలా ఉందని అర్ధరాత్రి ఫోన్ చేస్తారు, ఇక బండి ఆగకూడదు. అమెరికా రూల్లో 10 గంటలు రెస్ట్ తీసుకున్న మనిషి 11 గంటలకి మించి నడపకూడదు కదా, అందుకే ఇద్దరు డ్రైవర్లు, ఒకడు నడుపుతుంటే రెండోవాడు అదే బండిలో వెనక నిద్రపోవాలి.

అందుకని నేనైతే ఇంజన్ కంటే ముందు స్లీపర్, అంటే క్యాబ్ వెనక పడుకునే గది, చూస్తాను. టెస్ట్ డ్రైవ్‌లో నువ్వు నడిపితే సరిపోదు, నీ పార్ట్‌నర్‌ని నడపమని నువ్వు బంక్ (స్లీపర్‌లో పరుపు) మీద, కింద పడకుండా ఆపే నెట్ బిగించుకుని పడుకో, గతుకుల రోడ్డు మీద ఓ అరగంట. ఒళ్ళు ఎగిరెగిరి పడుతుంటే ఎంత తక్కువకిచ్చినా ఆ బండి వద్దు, నిద్ర లేని మనిషి చేతికి స్టీరింగ్ ఇవ్వడం నాకు భయం. వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) పొడుగైతే కుదుపు తగ్గుతుంది, కాకపోతే సరుకు ఎక్కించి దించే ఇరుకు డాకుల్లో తిప్పడం కష్టం. ఎయిర్ సస్పెన్షన్ వెనక యాక్సిల్‌కే కాదు క్యాబ్ కింద కూడా ఉండాలి.

ఇంకోటి, ఈ పనిలో లోడ్ కోసం వెయిటింగ్ ఎక్కువ, చలికో ఎండకో ఇంజన్ ఆన్‌లోనే పెట్టి కూర్చుంటే డీజిల్ పోతుంది, డీపీఎఫ్‌లో (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) మసి పేరుకుని మాటిమాటికీ రీజెన్, అంటే ఆ మసిని కాల్చేయడం, అడుగుతుంది, పైగా కాలిఫోర్నియా లాంటి చోట 5 నిమిషాలు దాటి అలా ఐడ్లింగ్ చేయనివ్వరు. కాబట్టి ఏపీయూ (పెద్ద ఇంజన్ ఆపేసినా ఏసీ, హీటర్ నడిపే చిన్న యూనిట్) లేని స్లీపర్ తీసుకోకు. సెకండ్ హ్యాండ్ అయితే మైళ్ళు చూసి మురిసిపోకుండా ఈసీఎంలోంచి (ఇంజన్ కంప్యూటర్) ఐడిల్ గంటలు తీయించు, మైళ్ళు తక్కువున్నా ఇంజన్ ఎంత అరిగిందో అక్కడ తెలుస్తుంది. 2010 కంటే పాత ఇంజనైతే కాలిఫోర్నియా లోడ్లు దాదాపు మర్చిపోవాల్సిందే.

స్ట్రెయిట్ ట్రక్కు (క్యాబూ, సరుకు బాక్సూ ఒకే ఛాసిస్ మీద ఉండేది) అనుకుంటున్నావు కదా, పెద్ద స్లీపర్ పెట్టిస్తే ఆ బరువులో చాలా భాగం ముందు యాక్సిల్ మీద పడుతుంది, లోడు మోసే కెపాసిటీ తగ్గుతుంది. ఫుల్ ట్యాంకుతో, ఇద్దరూ ఎక్కి, సామాన్లతో సహా కాటాకి ఎక్కించు, డోర్ దగ్గర స్టిక్కర్ మీద యాక్సిల్ రేటింగ్ ఉంటుంది, దాన్నుంచి తీసేస్తే ఎంత మిగిలిందో చూడు. ఇంటర్‌స్టేట్ మీద సింగిల్ యాక్సిల్‌కి లిమిట్ 20,000 పౌండ్లు, టాండెమ్‌కి (జంట యాక్సిల్) 34,000. బాక్స్ డోర్ ఎత్తు, వెడల్పు టేపు పెట్టి కొలువు, బ్రోషర్‌లో అంకె నమ్మకు, లోపల పట్టే సరుకు డోర్లోంచి పట్టకపోతే లోడు వెనక్కి పోతుంది.

హార్స్‌పవర్ గురించి అంత ఆలోచించకు, ఈ లోడ్లు చాలావరకు తేలికే, కొండదారులు ఎక్కువ లేకపోతే 13 లీటర్ల ఇంజన్ చాలు. నువ్వు తిరిగే రూట్లలో ఆ ఇంజన్‌కి సర్వీస్, పార్టులు రాత్రి పూట కూడా దొరుకుతాయా అన్నది అంతకంటే ముఖ్యం, మధ్యదారిలో ఒక సెన్సార్ కోసం రెండ్రోజులు ఆగితే ఆ లోడుతో పాటు కస్టమరూ పోతాడు.

అడ్వాన్స్ కట్టేముందు నువ్వు చేరబోయే క్యారియర్‌కి (లోడ్లు ఇచ్చే కంపెనీకి) ఫోన్ చేసి బండి ఎన్నేళ్ళ లోపుది కావాలి, లిఫ్ట్‌గేట్ (సరుకు ఎత్తి దించే వెనక పలక) ఉండాలా, ఈ-ట్రాక్ (సరుకు కట్టే పట్టీలు తగిలించే గోడ పట్టా) ఉండాలా అన్నీ కాగితం మీద తీసుకో, ఒక్కో కంపెనీది ఒక్కో లెక్క. ఆయిల్ శాంపిల్ ల్యాబ్‌కి ఇచ్చి ఆ రిపోర్టూ, ఈసీఎం ప్రింటూ నాకు పంపు, నేను చూసి ఫోన్ చేస్తాను, అప్పటిదాకా సంతకం పెట్టకు.

మీ బాబాయ్