పరిశోధనకు ప్రభుత్వమే ఎందుకు ఖర్చు పెట్టాలి? దానివల్ల ఒక ప్రాంతం ఎలా ఎదుగుతుంది?

మౌలిక పరిశోధన ఎప్పుడు ఫలిస్తుందో, ఆ ఫలితం ఎవరికి దక్కుతుందో ముందుగా తెలియదు కనుక ప్రైవేటు పెట్టుబడి వెనకాడుతుంది. ఆ లోటును ప్రభుత్వ నిధులే పూడ్చాలి.

తైవాన్‌లోని షిన్‌చూను చూస్తే ఇది ఎలా జరుగుతుందో స్పష్టమవుతుంది. అక్కడి ప్రభుత్వం 1973లో పారిశ్రామిక సాంకేతిక పరిశోధన సంస్థను నెలకొల్పింది. 1976లో చిప్‌ల తయారీ పరిజ్ఞానం కోసం అమెరికా కంపెనీ ఆర్‌సీఏతో ఒప్పందం కుదరగా, యువ ఇంజినీర్లు ఆ కంపెనీ కర్మాగారాలకే వెళ్లి, పని చేస్తూ నేర్చుకుని వచ్చారు. 1980లో రెండు విశ్వవిద్యాలయాల చెంతనే సైన్స్ పార్కు తెరుచుకుంది. ఆ పరిశోధన సంస్థ నుంచే చిప్‌ల తయారీ కంపెనీలైన యూఎంసీ, 1987లో టీఎస్ఎంసీ పుట్టాయి. టీఎస్ఎంసీ తొలి పెట్టుబడిలో దాదాపు సగం ప్రభుత్వానిదే. ఆ పరిశోధన సంస్థకు అధ్యక్షుడిగా ఉన్న మోరిస్ చాంగే టీఎస్ఎంసీని స్థాపించారన్నది గమనించదగ్గ విషయం.

స్థలం, పన్ను రాయితీ ఏ ప్రభుత్వమైనా ఇవ్వగలదు. చేయి తిరిగిన ఇంజినీర్లు తయారు కావడానికి మాత్రం ఏళ్ల తరబడి నిధులు ఆగకుండా అందాలి. రెండు మూడేళ్లకే లాభాల లెక్క అడిగే పథకాలు ఇక్కడే దెబ్బతింటాయని నా అభిప్రాయం. షిన్‌చూలో పరిశోధన సంస్థకూ టీఎస్ఎంసీకీ మధ్య 14 ఏళ్లు గడిచాయి.