కొత్త డెస్క్‌టాప్‌కు తొలి అడుగు

ప్రశ్న: లినక్స్ డెస్క్‌టాప్‌లలో చాలావరకు విండోస్‌నో మ్యాక్‌నో పోలి ఉంటాయి. దేన్నీ అనుకరించని డెస్క్‌టాప్‌ను స్నేహితులతో కలిసి రూపొందించాలనుకుంటున్నాను. ఐకాన్లు, రంగులు సిద్ధం చేశాం. తరువాత ఏం చేయాలి?
– ఇంజినీరింగ్ విద్యార్థి, కాకినాడ

జవాబు: మీ సంకల్పం నాకెంతో సంతోషం కలిగించింది. అయితే ఐకాన్లను కొంతకాలం పక్కన పెట్టండి. కొత్తదనం రంగుల్లో కాక, పని జరిగే తీరులో ఉండాలి. ఇందుకు నేను మొదట చూపే ఉదాహరణ షుగర్ అనే డెస్క్‌టాప్. ‘పిల్లవాడికో ల్యాప్‌టాప్’ పథకం కింద 2007లో తయారీ మొదలైన ఎక్స్‌ఓ యంత్రాల కోసం దీన్ని లినక్స్‌పై నిర్మించారు. కార్యాలయపు బల్ల, ఫోల్డర్లు, కాగితాలు అనే ఊహ బడిపిల్లలకు ఎందుకని దాని రూపకర్తలు ప్రశ్నించుకున్నారు. అందువల్ల ఒకదానిపై ఒకటి పరుచుకునే కిటికీలను (విండోలను) తీసేసి, ప్రతి పనికీ తెరంతా ఇచ్చారు. పిల్లవాడు చేసినవన్నీ తేదీల వరుసలో దినచర్య పుస్తకంలా నమోదయ్యేట్టు చేసి, ఫైలును ఎక్కడ దాచాలన్న చింత తొలగించారు. సొంత పని నుంచి ఇల్లు, మిత్రబృందం, ఇరుగుపొరుగు వరకు నాలుగు స్థాయిల్లో దృష్టిని విస్తరించుకునే వీలు కల్పించారు. అన్నీ నచ్చనక్కరలేదు. ఎక్స్‌ఓ 1.5 నమూనాలో షుగర్‌తో పాటు మామూలు లినక్స్ డెస్క్‌టాప్ అయిన గ్నోమ్‌ను కూడా ఇచ్చారు. అయినా అసలైన ప్రశ్నతో మొదలైన రూపకల్పన ఎలా ఉంటుందో షుగర్‌లో చూడవచ్చు. మీ డెస్క్‌టాప్ ఎవరికోసం, వారికి ఇప్పుడున్నవాటిలో ఏది అడ్డుపడుతోంది అన్నది ఒక పేజీలో రాసుకోండి.

తరువాత కాగితంపై గీసిన తెరలను కంప్యూటర్‌తో అంతగా పరిచయం లేని నలుగురైదుగురి ముందు పెట్టి, ఏమీ వివరించకుండా, వారు తడబడే చోట్లను గమనించండి. గ్నోమ్ విషయంలో సన్ మైక్రోసిస్టమ్స్ అనే కంప్యూటర్ సంస్థ 2001లో ఇలాంటి వినియోగ పరీక్షలే జరిపింది. మరుసటి ఏడాది గ్నోమ్ ఇంటర్‌ఫేస్ మార్గదర్శకాలు వెలువడ్డాయి. 2011 ఏప్రిల్‌లో గ్నోమ్ 3 కిందిపట్టీని, మినిమైజ్ బటన్‌ను తీసేసినప్పుడు పాత తీరుకు అలవాటుపడ్డ చాలామంది వ్యతిరేకించారు. పాత గ్నోమ్ 2ను కొనసాగిస్తూ మాటే (MATE), సంప్రదాయ రూపాన్ని నిలబెడుతూ సినమన్ అనే డెస్క్‌టాప్‌లు పుట్టుకొచ్చాయి. తీసేసే ధైర్యాన్ని నేను గౌరవిస్తాను. తీసేసిన వస్తువు చేస్తున్న పనిని మరేది చేస్తుందో ముందే నిర్ణయించుకోవడం మాత్రం తప్పనిసరి.

ప్రశ్న: అంతా మొదటి నుంచి మేమే రాయాలా?
– అదే పాఠకుడు

జవాబు: వద్దు. కిటికీలను అంతులేని వరుసగా పక్కపక్కన పేర్చి, ఆ వరుసలో అటూ ఇటూ జరిగే పద్ధతిని పేపర్‌డబ్ల్యూఎమ్ అనే ప్రోగ్రాం గ్నోమ్‌కు అనుబంధంగానే (ఎక్స్‌టెన్షన్‌గా) అమలు చేసింది. అదే ఆలోచనను ఆ తరువాత నిరి అనే వేలాండ్ కంపోజిటర్ (లినక్స్‌లో కిటికీలన్నిటినీ కలిపి తెరపై చూపే మూల ప్రోగ్రాం) స్వతంత్రంగా నిర్మించింది. మీరూ అనుబంధంతో మొదలుపెట్టి, ఆలోచన నిలిచిందనిపించాకే కంపోజిటర్ జోలికి వెళ్లండి.

అక్షరాలను తెరపై పేర్చే పనిని కూడా సొంతంగా రాయకండి. మెనూలు, బటన్ల వంటివి తయారుచేసే సాధనాలైన జీటీకే, క్యూటీ రెండూ తెలుగు గుణింతాలను, ఒత్తులను సరిగా కూర్చడానికి హార్ఫ్‌బజ్ అనే సాఫ్ట్‌వేర్‌పై ఆధారపడతాయి. కానీ వరుస ఎత్తు నిర్ణయించేది మీరే. ఇంగ్లిష్ అక్షరాలకు సరిపోయేలా కొలిచిన శీర్షిక పట్టీలో ‘రాష్ట్రం’ అన్న మాట కింది ఒత్తులు తెగిపోవచ్చు కాబట్టి, తొలి నమూనాలోనే మెనూలు, బటన్లు తెలుగులో పెట్టి చూడండి.