ఆ రోజుకి ముందే మాట్లాడుకోవలసినవి

చి. నానికి మావయ్య ఆశీస్సులు.

నిన్న ఫోన్‌లో మీ నాన్న గురించి డాక్టరు అన్న మాట చెబుతూ చెబుతూ ఆగిపోయావు. "అలాంటిదేమైనా జరిగితే ఎవర్ని పిలవాలో, ఎంతవుతుందో నాకేం తెలీదు మావయ్యా" అన్నావు. పక్కనే మీ అమ్మ ఉంది కాబట్టి నేనేమీ చెప్పలేకపోయాను. మీ నాన్న, మా బావ, ఇంకా పదేళ్లు ఉండాలనే నేనూ రోజూ దేవుణ్ణి అడుగుతున్నాను. మనిషి ఉండగానే ఈ మాటలేంటని అనుకోకు. మన వాళ్లలో నేను దగ్గరుండి సాగనంపినవాళ్లు పదిమందికి పైనే. ముందు మాట్లాడుకోని ఇళ్లలోనే ఆ రోజు మాటా మాటా పెరగడం చూశాను.

అన్నిటికన్నా ముందు బావ ఏం కోరుకుంటున్నారో తెలియాలి. కళ్లు ఇచ్చేయమని ఆయన ఒకసారి నాతో అన్నారు. నిజంగానే అన్నారో, మాటవరసకి అన్నారో అడగాలి. కళ్లు ఇవ్వాలంటే ప్రాణం పోయిన ఆరు గంటల్లోపే తీసుకోవాలి. ఏడుపుల మధ్య ఎవరికీ గుర్తురాదు కాబట్టి కళ్లు తీసుకునే ఐ బ్యాంక్ నంబరు ఇప్పుడే గోడ మీద రాసిపెట్టు. ఫోన్ చేసి, ఫ్యాన్ ఆపేసి, రెప్పలు మూసి తడి దూది పెట్టి, తల కింద దిండు ఎత్తు చేయండి. వాళ్లే ఇంటికి వస్తారు, పైసా తీసుకోరు, ముఖం ఏమీ పాడవదు. దేహమే మెడికల్ కాలేజీకి ఇవ్వాలనుకుంటే వాళ్ల అనాటమీ విభాగంలో ముందే కాగితం రాయించుకోవడం మంచిది. ఆ రోజు ఇంట్లోవాళ్లు ఒక్కరు అడ్డుచెప్పినా ఆగిపోతుంది, అందుకే మీ అమ్మ, అన్నయ్య ఇప్పుడే ఒప్పుకోవాలి.

రెండోది మీ అన్నయ్య సంగతి. తలకొరివి పెట్టవలసిన పెద్దకొడుకు డాలస్‌లో ఉన్నాడు. అతను వచ్చేదాకా ఉంచాలా, నువ్వు చేసేయాలా? ఇది బావే చెబితే రేపు ఎవరూ ఎవర్నీ అనరు. ఉంచాలంటే ఫ్రీజర్ బాక్స్ కావాలి. మా పెద్దన్నయ్య పోయినప్పుడు అమ్మాయి కోసం రెండు రోజులు ఉంచాం. మొదటి రాత్రి కరెంటు పోయింది. అద్దం లోపల చెమ్మ పట్టి అన్నయ్య ముఖం కనపడటం మానేసింది. వదిన కొంగుతో పైనుంచి తుడుస్తూనే ఉంది, చెమ్మ ఉన్నది లోపల. జనరేటరు వచ్చేసరికి గంటన్నర పట్టింది. బాక్స్ మాట్లాడేటప్పుడే జనరేటరు కూడా మాట్లాడు.

ఇక ఖర్చు. మా పెద్దన్నయ్యకి అయిన ఖర్చుల పుస్తకం నా దగ్గరుంది, చూసి రాస్తున్నాను. బాక్స్ రెండు రోజులకు 6,000. పాడె, పూలు, కుండలు, కొత్త బట్ట 4,500. బండి 2,500. కట్టెలు, శ్మశానం 9,000. డప్పులు 4,000. మొత్తం 26,000. పన్నెండు రోజులకు అయింది 1,70,000. చూశావుగా, మనిషిని సాగనంపడానికి అయ్యేది తక్కువ, ఆ తర్వాత భోజనాలకే ఎక్కువ. ఊరిని బట్టి ఈ అంకెలు మారతాయి కానీ, ఈ తేడా నేను చూసిన ప్రతి ఇంట్లోనూ ఉంది.

కట్టెల మీద అయితే మూడు నాలుగు క్వింటాళ్లు పడతాయి, వానాకాలంలో తడి కట్టె ఇవ్వకుండా ఒక మనిషి ముందు వెళ్లి చూడాలి. గ్యాస్ మీద అయితే రెండు గంటల్లో అయిపోతుంది, ఖర్చూ తక్కువే. తలకొరివి తంతు అక్కడా చేయిస్తారు. నాకైతే గ్యాసే మంచిదనిపిస్తుంది, మీ అమ్మ మనసుకి ఎలా ఉంటుందో కనుక్కో. శ్మశానంలో చేసే పనులకు, పార్థివదేహాన్ని తీసుకెళ్లే బండికి జీఎస్టీ లేదు, ఎవరైనా బిల్లులో వేస్తే అడుగు. కాటికాపరితో మాత్రం అక్కడ బేరం ఆడకు. ఎంత ఇవ్వాలో ముందే మాట్లాడుకో. మనందరం వెనక్కి తిరిగాక చివరిదాకా ఉండేది అతనే.

ఆ రోజు డబ్బు నీ జేబులో ఉంచుకోకు. కుండ భుజాన పెట్టుకున్నవాడి ముందు ఎవరు చెయ్యి చాచినా కాదనలేడు. మీ చిన్న బావ నిదానస్తుడు, అతనికి ముప్పై వేలు ఇచ్చి, అందులో వందలు, యాభైలు ఎక్కువ ఉండేలా చూడు.

మా నాన్న పోయినప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. "పెద్దకర్మకి ఊరంతా తినాలి, మీ నాన్న పేరు నిలబెట్టు" అన్నారు నలుగురూ. మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చాను. అది తీరడానికి నాలుగేళ్లు పట్టింది, మధ్యలో అమ్మ పాడిగేదెను అమ్మేసింది. పొద్దున్నే ఖాళీ కట్టుకొయ్య దగ్గర అలవాటుగా తట్టతో నిలబడిన అమ్మ ఇప్పటికీ నా కళ్లముందే ఉంది. ధర్మోదకాలు (నువ్వులు, నీళ్లు వదలడం), సపిండీకరణం (పోయినవాళ్లని పితృదేవతల్లో కలిపే తంతు) శ్రద్ధగా చేయించు, పంతులుగారితో సంభావన ముందే అనుకో. భోజనాలు దగ్గరివాళ్ల వరకు చాలు. ఎవరైనా అంటే మావయ్య వద్దన్నాడని చెప్పు, ఆ మాట నేను పడతాను.

ఆసుపత్రిలో జరిగితే మరణం సంగతి వాళ్లే నమోదుకి పంపుతారు. బిల్లు గొడవ ఉందని దేహం ఇవ్వకుండా ఆపే హక్కు మాత్రం ఏ ఆసుపత్రికీ లేదు, గట్టిగా అడుగు. ప్రభుత్వాసుపత్రి అయితే ఇంటికి తీసుకురావడానికి ఉచిత వాహనం ఉంది. ఇంట్లోనే జరిగితే చూస్తున్న డాక్టరు దగ్గర కారణం రాయించుకుని, 21 రోజుల్లోపు మునిసిపాలిటీలో మీరే చెప్పాలి. అప్పటిదాకా ఫీజు లేదు, ఏడాది దాటిందా మేజిస్ట్రేటు ఆర్డరు కావాలి. పేరు ఆధార్‌లో ఎలా ఉందో అలాగే రాయించు. మా పెద్దన్నయ్యకి మేం హడావిడిలో ఇంటిపేరు వదిలేసి చెప్పాం. ఆ ఒక్క తప్పు దిద్దించుకోవడానికి వదిన ఐదు నెలలు తిరిగింది, అన్నాళ్లూ పెన్షన్ రాలేదు.

బావ రిటైరైన టీచరు కాబట్టి ట్రెజరీ నుంచి మట్టి ఖర్చులని కొంత వస్తుంది. అది ఆలస్యంగా వస్తుంది, దాన్ని నమ్ముకుని ఖర్చు పెట్టకు. ఆయన పోయాక ఖాతాలో పడిన పెన్షన్ తీయకూడదు, ట్రెజరీకి వెంటనే చెప్పాలి.

ఆదివారం పొద్దున్న బస్సుకి వస్తున్నాను. బావ పెన్షన్ పుస్తకం, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్, ఎల్‌ఐసీ బాండ్లు ఒక సంచిలో పెట్టి ఉంచు. కళ్ల సంగతి, మీ అన్నయ్య సంగతి బావని నేనే అడుగుతాను. నువ్వు పక్కన కూర్చుంటే చాలు.

మీ మావయ్య