వ్యాక్సింగ్: ఇంట్లో ఎంతవరకు, పార్లర్‌కు ఎప్పుడు?

మీ ప్రశ్నలు – మా జవాబులు

ప్రశ్న: ఫోన్ల వీడియో చూసి చక్కెర, నిమ్మరసంతోని వ్యాక్స్ చేసిన. మొదటిసారి జారుడుగ అయి చేతికి అతుక్కపోయింది, గుంజితే రాలే. రెండోసారి రాయి లెక్క గట్టిపడ్డది. ఊడిన కాడ గూడ వెంట్రుకలు మధ్యలకే తెగి ఎర్ర చుక్కలు లేచినయి. ఏడ తప్పు చేస్తున్న?
– డిగ్రీ విద్యార్థిని, మిర్యాలగూడ

జవాబు: మొదటిసారి పాకం లేతగా దించారు, రెండోసారి ముదరబెట్టారు. కప్పు చక్కెరకు (200 గ్రాములు) రెండు పెద్ద చెంచాల నిమ్మరసం, రెండు పెద్ద చెంచాల నీళ్లు చాలు. అడుగు మందమున్న గిన్నెలో కరిగేదాకా కలపండి, ఉడుకు పట్టాక గరిటె పెట్టొద్దు. నిమ్మరసం తగ్గించొద్దు. చక్కెర మళ్లీ పలుకు కట్టకుండా ఆపేది ఆ పులుపే. సన్న సెగ మీద పది నిమిషాలు అటూ ఇటూ పడుతుంది. అయితే గడియారాన్ని నమ్మకండి. తేనె రంగు రాగానే చల్లటి నీళ్లలో ఒక బొట్టు వేసి వేళ్లతో దగ్గరికి తీయండి. మెత్తటి ఉండ కట్టాలి. కరిగిపోతే లేత, టక్కున విరిగితే ముదురు. వంట థర్మామీటర్ ఉంటే 115 నుంచి 118 డిగ్రీల సెల్సియస్. అరిసెల పాకం పట్టే పెద్దమ్మ ఇంట్లో ఉంటే థర్మామీటర్ అక్కర్లేదు. ముదిరినదాన్ని పారేయనక్కర్లేదు, చెంచా నీళ్లు పోసి సన్న సెగ మీద కరిగించుకోవచ్చు. మాడిందైతే మాత్రం పనికిరాదు.

దించాక కనీసం అరగంట ఆగండి. చక్కెర పాకం మరిగే నీళ్లకన్నా ఎక్కువ వేడి, పైగా ఒంటికి అంటుకుని వదలదు. మణికట్టు లోపలివైపు చుక్క పెట్టి చూసి, గోరువెచ్చగా ఉంటేనే రాయండి. పొరపాటున కాలితే 20 నిమిషాలు పారే నీళ్ల కింద పెట్టండి. టూత్‌పేస్టు, పసుపు పూయొద్దు. బొబ్బ లేస్తే డాక్టరుకు చూపించాలి.

వెంట్రుకలు తెగడానికి కారణం గుంజిన తీరు. పాకాన్ని వెంట్రుక పెరిగే దిక్కునే పలుచగా రాయాలి. మూడు అంగుళాల వెడల్పు, తొమ్మిది అంగుళాల పొడవున్న నూలు పట్టీ (పాత జీన్స్ గుడ్డ బాగా పనికొస్తుంది) వేసి అదే దిక్కున నాలుగైదుసార్లు రుద్దండి. ఒక చేత్తో చర్మాన్ని బిగువుగా పట్టుకుని, రెండో చేత్తో ఎదురు దిక్కుకు, ఒంటిని ఆనుకున్నట్టే ఒక్క ఊపున లాగాలి. పట్టీని పైకి ఎత్తి లాగితే వెంట్రుక కుదురుతో రాక చర్మం అంచున తెగుతుంది. ఆ తెగిన కొనే లోపలికి ఒంపు తిరిగి, కొన్నాళ్లకు గుల్లలా లేస్తుంది. వీడియోల్లో ఇంకో తిరకాసు ఉంది. పట్టీ లేకుండా పాకం ముద్దతోనే చేసే పద్ధతిలో ఎదురు దిక్కున రాసి, పెరిగే దిక్కుకు లాగుతారు. రెండూ కలిపేస్తే ఏదీ కుదరదు.

వెంట్రుక బియ్యపు గింజంత, అంటే అర సెంటీమీటరు, ఉండాలి. అంతకన్నా పొట్టిదైతే పాకానికి దొరకదు, ఒకటిన్నర సెంటీమీటరు దాటితే కత్తిరించుకోవాలి. ఒకేచోట రెండుసార్లకు మించి లాగొద్దు, మిగిలినవి పట్టకారుతో తీసేయండి. మన ఎండాకాలంలో చెమటకు పాకం పట్టదు కాబట్టి పొద్దున్నే, ఫ్యాను కింద, పలుచగా పౌడరు అద్ది మొదలుపెట్టండి. కూలర్ ముందు వద్దు. ఆ తేమ గాలికి పాకం జిగటగా మారుతుంది. ఒంటికి అంటుకున్న చక్కెర పాకాన్ని గీకొద్దు, గోరువెచ్చటి నీళ్లకు కరిగిపోతుంది. కొన్న వ్యాక్స్ అయితే చాలావరకు నీళ్లకు పోదు, కొబ్బరినూనె రాయాలి.

ప్రశ్న: చంకల్లో ఇంట్లోనే చేసుకుంటే చర్మం లేచి, కమిలింది. పార్లర్‌కు పోవాలంటే అక్కడి శుభ్రత మీద నమ్మకం లేదు.
– గృహిణి, దేవరకొండ

జవాబు: చేతులు, కాళ్లు ఇంట్లో చేసుకోవచ్చు. చంకలు, బికినీ భాగం మాత్రం చేయి తిరిగినవాళ్లకే వదిలేయాలి. చంకలో వెంట్రుకలు రెండు మూడు దిక్కులకు పెరుగుతాయి. చర్మం పలుచన, మడతలు ఎక్కువ. ఒక చేయి పైకెత్తి ఉండగా చర్మాన్ని బిగించి పట్టడానికి రెండో చేయి ఖాళీ ఉండదు. లేచిపోవడానికి అసలు కారణం అదే. ఇప్పుడు చల్లటి తడిగుడ్డ వేసి, పెట్రోలియం జెల్లీ పలుచగా రాయండి. మానేదాకా డియోడరెంటు, మళ్లీ వ్యాక్సింగు రెండూ వద్దు. చీము పట్టినా, జ్వరం వచ్చినా డాక్టరు దగ్గరికే.

పార్లర్‌లో అద్దాలు, ఏసీ కాదు, వ్యాక్స్ డబ్బాను చూడండి. ఒంటికి తగిలిన పుల్ల గానీ స్టీలు కత్తి గానీ మళ్లీ అదే డబ్బాలో ముంచుతున్నారంటే ముందు వచ్చినవాళ్ల చర్మం మీది క్రిములు మీ దాకా వస్తాయి. వేడికి చచ్చిపోతాయంటారు గానీ, ఒళ్లు ఓర్చుకునే వేడికి క్రిములు చావవు. చంకలకు రోల్-ఆన్ వ్యాక్స్ కూడా అడగొద్దు, ఆ రోలర్ అందరి ఒంటి మీదా తిరిగిందే. పుల్ల ఒక్కసారికే వాడతారా, పట్టీలు కొత్తవేనా అని సిగ్గుపడకుండా అడగండి. పార్లర్లలో బీన్స్ వ్యాక్స్ అనే గట్టి రకం ఉంటుంది. దాన్ని మందంగా రాసి, ఆరాక పట్టీ లేకుండా లాగుతారు. చర్మాన్ని తక్కువగా, వెంట్రుకను ఎక్కువగా పడుతుంది కాబట్టి చంకలకు అదే మేలు. డబ్బులు కొంచెం ఎక్కువైనా ఇక్కడ పొదుపు చూడొద్దు.

ప్రశ్న: వచ్చే నెల నా పెళ్లి. ఇంతవరకు వ్యాక్సింగ్ చేయించుకోలేదు. మొటిమలకు మందులు వాడుతున్నాను. ఎన్నిరోజుల ముందు చేయించుకోవాలి?
– మహబూబ్‌నగర్

జవాబు: ముందు మందు పేరు చూడండి. ఐసోట్రెటినోయిన్ మాత్రలైతే వ్యాక్సింగ్ పూర్తిగా మానేయండి, ఆపిన తర్వాత కూడా ఆరు నెలలు ఆగాలి. చర్మం పట్టీతోపాటే లేచి వస్తుంది. రెటినాల్, అడాపలీన్ లాంటి క్రీములైతే అవి రాసే చోట వ్యాక్స్ వద్దు. డాక్టరు చెప్పకుండా వాడే తెల్లబడే క్రీముల్లో స్టెరాయిడ్ ఉండొచ్చు, అదీ చర్మాన్ని పలుచన చేస్తుంది.

ఇవేవీ లేకపోతే ఈ వారమే చేతులకు ఒకసారి చేయించుకుని చర్మం ఎలా తట్టుకుంటుందో చూసుకోండి. నాలుగు వారాలకు వెంట్రుకలు మళ్లీ అందేంత పెరుగుతాయి. రెండోది మైలపోలుకు మూడురోజుల ముందు పెట్టుకోండి. వ్యాక్స్ అయిన ఒంటి మీద వెంటనే నలుగు రుద్దితే మంట, దద్దుర్లు తప్పవు. మెహందీ కూడా వ్యాక్స్ తర్వాతే. ముందే పెట్టుకుంటే పట్టీతోపాటు రంగు పోతుంది. ఒకరోజు వేడినీళ్ల స్నానం, ఎండ, బిగుతు బట్టలు వద్దు. మూడోరోజు నుంచి సున్నిపిండితో మెల్లగా రుద్దుకుంటే గుల్లలు తగ్గుతాయి.

ప్రశ్న: మా అమ్మకు షుగర్ ఉంది, కాళ్ల మీద నరాలు ఉబ్బి ఉన్నాయి. వ్యాక్స్ చేయొచ్చా?
– నాగర్‌కర్నూల్

జవాబు: వద్దమ్మా. షుగర్ ఉన్నవాళ్లకు చిన్న గాయం కూడా ఆలస్యంగా మానుతుంది, కాళ్లలో స్పర్శ తగ్గితే వ్యాక్స్ వేడి కూడా తెలియదు. ఉబ్బిన నరాల మీద అసలే లాగకూడదు. ట్రిమ్మర్ వాడండి. రక్తం పలుచబడే మందులు వాడేవాళ్లకూ ఇదే మాట.

ప్రశ్న: వ్యాక్స్ చేస్తే వెంట్రుకలు ఇంకా ఒత్తుగా వస్తాయట, నిజమేనా?
– వనపర్తి

జవాబు: కాదు. అయితే గడ్డం కింద కొత్తగా, మొరటుగా వెంట్రుకలు వస్తూ నెలసరి కూడా తప్పుతుంటే అది హార్మోన్ల సంగతి, గైనకాలజిస్టుకు చూపించండి.